తల్లి నుంచి, తల్లి వల్ల

తెలుగులో 'నుంచి', 'వల్ల' అని రెండు చిన్న మాటలున్నాయి. 'గుంటూరు నుంచి వచ్చాను' అంటాం, 'వాన వల్ల ఆలస్యమైంది' అంటాం. మొదటిది దారి చెబుతుంది, రెండోది కారణం చెబుతుంది. రోజువారీ మాటల్లో ఎవరూ వీటిని కలగాపులగం చెయ్యరు. ఒక స్త్రీ బిడ్డకు జబ్బు చేసినప్పుడు మాత్రం ఆ తేడా ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో మా ఇంట్లోనే చూశాను. డాక్టరుగారు 'ఇది తల్లి నుంచి వస్తుంది' అన్నారు. ఆ మాట ఆస్పత్రి మెట్లు దిగి, ఆటో ఎక్కి, ఇంటికి చేరేసరికి 'తల్లి వల్ల వచ్చింది' అయింది.

జబ్బు చేసింది మా పిన్ని కొడుక్కి. పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉండగా, కుడికంటి చూపుకి సరిగ్గా మధ్యలో మసక మొదలైంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. రెండు నెలల్లో ఎడమకన్నూ అదే దారి పట్టింది. పక్కలకి ఉన్నవి తెలుస్తాయి, ఎదురుగా కూర్చున్న మనిషి మొహం కనిపించదు. కళ్ళజోళ్ళు మార్చారు, స్కానింగులు తీశారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. చివరికి రక్తపరీక్షలో తేలింది. లెబర్ అనే జర్మన్ నేత్రవైద్యుడు 1871లో వర్ణించిన జబ్బు అది. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం క్షీణిస్తుంది, కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. 1988లో అమెరికాలో డగ్లస్ వాలెస్ బృందం ఆ జబ్బుకి మూలమైన ఒక మార్పును మైటోకాండ్రియా డిఎన్ఏలో 11778వ స్థానంలో గుర్తించింది. మావాడి రిపోర్టులోనూ అదే అంకె.

మన దగ్గర పిల్లలకు ఇలాంటిదేదైనా వస్తే డాక్టర్లు ముందుగా అడిగేది 'మేనరికమా?' అని. మా పిన్నిది మేనరికం కాదు, బయటి సంబంధం. కాదు అనగానే నిందని రెండువైపులా పంచుకునే అవకాశం కూడా పోయింది. పిన్ని ఒక్కతే మిగిలింది. "కట్నం సగమే తెచ్చింది, రోగం మాత్రం పూర్తిగా తెచ్చింది" అంది వాళ్ళత్తగారు. బాబాయి ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటే. పిన్ని నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "నువ్వివన్నీ కాలేజీలో చెబుతావుగదే. నిజం చెప్పు, నేనే ఇచ్చానా వాడికి?"

ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. 'కాదు పిన్నీ' అనేస్తే ఆ రాత్రికి ఆవిడ నిద్రపోయేది, కానీ అది అబద్ధం. 'అవును' అంటే అంతకంటే పెద్ద అబద్ధం. ఆ రెండింటి మధ్య ఉన్న జవాబు చెప్పాలంటే మైటోకాండ్రియా గోడల్లో ఉండే ప్రోటీన్లు అసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలి. ఆ జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

మన పాఠ్యపుస్తకాలు మైటోకాండ్రియాలను 'కణశక్త్యాగారాలు' అంటాయి. పరీక్షకి ఆ ఒక్కమాట చాలు. కానీ వాటికొక గతం ఉంది. 150 కోట్ల ఏళ్ళకి ముందెప్పుడో అవి స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. ఆర్కియా అనే మరో కోవకి చెందిన సూక్ష్మజీవి కణంలోకి అలాంటి బాక్టీరియా ఒకటి చేరింది, అక్కడే ఉండిపోయింది, తరతరాలుగా మారుతూ మైటోకాండ్రియా అయింది. ఈ ఊహ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల నుంచే అక్కడక్కడా ఉన్నా, దాన్ని కొత్త సాక్ష్యాలతో నిలబెట్టి, వెక్కిరింతలు భరించి, శాస్త్రం ఒప్పుకునేదాకా వదలనిది లిన్ మార్గులిస్. ఆమె వ్యాసం 1967లో అచ్చయింది. అంతకుముందు పదిహేను దాకా పత్రికలు దాన్ని తిప్పి పంపాయని ఆమే చెప్పుకుంది. అప్పటికి ఆమెకి ముప్పై నిండలేదు. చిన్నపిల్లల తల్లి. వ్యాసం మీద అచ్చయిన పేరు లిన్ శాగన్, అంటే విడాకులిచ్చిన మొదటి భర్త ఇంటిపేరు. ఈ సంగతి చెప్పినప్పుడు నా క్లాసులో ఒక నిమిషం చప్పుడుండదు. ఇంటిపేరు ఎన్నిసార్లు మారుతుందో, ఏ పేరుతో చేసిన పని ఏ పేరు కింద జమ అవుతుందో ఆ పిల్లలకి ఎవరూ వివరించక్కర్లేదు.

రెండో పేరు మార్గరెట్ డేహాఫ్. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసుని అక్షరాలుగా రాసుకుని, ఒక జీవి ప్రోటీన్ పక్కన మరో జీవి ప్రోటీన్ పెట్టి చదివి, వాటి చుట్టరికం తేల్చవచ్చు. ఈ చదువుకి పునాది వేసినవాళ్ళలో ఆమె ముఖ్యురాలు. ఇవాళ ప్రపంచమంతా ఒక్కో అమైనో ఆమ్లానికి వాడే ఒంటి అక్షరపు గుర్తులు ఆమె పెట్టినవే. అప్పటిదాకా తెలిసిన ప్రోటీన్ల వరుసల్ని 1965లో ఒక పుస్తకంగా కూర్చింది. 1978లో రాబర్ట్ ష్వార్ట్జ్‌తో కలిసి, మైటోకాండ్రియా పుట్టిల్లు బాక్టీరియాలోనే ఉందని ఆ చదువుతోనే చూపించింది. ఒక స్త్రీ చెప్పిన కథకి మరో స్త్రీ కనిపెట్టిన పద్ధతి సాక్ష్యం ఇచ్చింది.

ఇక ఈ కథ చెప్పే భాష గురించి. ఇంగ్లీషు శాస్త్ర వ్యాసాల్లో ఆ బాక్టీరియాని 'మింగారు', 'బందీ చేశారు', 'బానిసను చేశారు' అనే మాటలు తరచూ కనిపిస్తాయి. కొంచెం మెత్తని మనసున్నవాళ్ళు పెళ్ళితో పోలుస్తారు. నేను ఈ పాఠం చెబుతుండగా ఒకసారి వెనకబెంచీలో అమ్మాయి "మేడమ్, ఇది అత్తారింటి కథలా ఉంది" అంది. అందరూ నవ్వారు. నిజానికి పోలిక బాగానే అతుకుతుంది. వచ్చిన బాక్టీరియా తనతో తెచ్చుకున్న జన్యువుల్లో చాలామటుకు పోయాయి, కొన్ని కేంద్రకంలోకి తరలిపోయాయి. మనిషి మైటోకాండ్రియా దగ్గర మిగిలింది 16,569 అక్షరాలు, 37 జన్యువులు. వాటిలో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చేవి 13 మాత్రమే. వంశీ మూతా అనే తెలుగు పేరున్న శాస్త్రవేత్త బృందం అమెరికాలో 2020లో వెలువరించిన జాబితా చూస్తే, మనిషి మైటోకాండ్రియాలో పనిచేసే ప్రోటీన్ల జన్యువులు 1136. అంటే 1123 ప్రోటీన్లకి ఆజ్ఞ కేంద్రకం నుంచి వస్తుంది. అవి బయట తయారై లోపలికి వస్తాయి. ఆస్తి రాయించుకున్నారు, గడప దాటనివ్వరు, రాత్రీపగలూ చాకిరీ. ఇంకేం కావాలి అత్తారింటికి?

అయితే గోడల దగ్గరికి వెళ్ళి చూస్తే పోలిక పట్టు తప్పుతుంది. మైటోకాండ్రియాకి రెండు త్వచాలు, అంటే రెండు పలచని గోడలు ఉంటాయి. లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ చాలామటుకు ఆ గోడల్లో పాతుకున్న ప్రోటీన్ల గుండానే రావాలి, పోవాలి. ఒక్కొక్క తలుపు దగ్గరా ఆగి, దీన్ని చేసిందెవరు అని అడగాలి.

బయటి గోడలో పీపాల ఆకారంలో ఉండే ప్రోటీన్లున్నాయి. వాటిని గోడలో బిగించే ప్రోటీన్ పేరు సామ్50. దాని బంధువులు ఇవాళ్టికీ బాక్టీరియా బయటిపొరలో అదే పని చేస్తున్నారు. ఇది పుట్టింటి నుంచి వచ్చిన పనితనం. 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రకటించారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకి చెందిన పీపా ప్రోటీన్‌ని ఈస్టు కణంలో తయారు చేయించారు. అది దారి తప్పకుండా మైటోకాండ్రియాకి వెళ్ళి బయటి గోడలో కుదురుకుంది. అన్ని కోట్ల ఏళ్ళ తర్వాత కూడా పుట్టింటి మాట అక్కడ అర్థమవుతోందన్నమాట.

ఇప్పుడు లోపలి గోడ. కణం ఖర్చుపెట్టుకునే చిల్లరడబ్బు ఏటీపీ. రోజు మొత్తంలో మన ఒంట్లో తయారై ఖర్చయ్యే ఏటీపీని తూస్తే సుమారు మన బరువంత ఉంటుందంటారు. అదంతా బయటికి వచ్చే తలుపు ఒక ప్రోటీన్. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఎవా పెబె-పెరులా అనే శాస్త్రవేత్త బృందం 2003లో దాని రూపాన్ని అణువణువునా చూపించింది. ఒకే ముక్క మూడుసార్లు పక్కపక్కన చేరి అల్లుకున్నట్టు ఉంటుంది. మనుషుల్లో ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు 53. ఈ కుటుంబానికి పుట్టింటి వైపు పూర్వీకులెవరూ కనిపించరు. చోటిచ్చిన కణం వంశంలో కొత్తగా పుట్టినవివి.

దీన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడవచ్చు. టైఫస్ జ్వరం తెచ్చే రికెట్సియా అనే బాక్టీరియా మైటోకాండ్రియాకి దూరపు చుట్టం. దాని 834 ప్రోటీన్ జన్యువుల్ని 1998లో స్వీడన్ శాస్త్రవేత్త సివ్ ఆండర్సన్ బృందం చదివింది. రికెట్సియాకీ ఏటీపీ తలుపు ఉంది. కానీ అది మన కణంలోని ఏటీపీని తన లోపలికి లాక్కునే తలుపు. దాని వంశం వేరు, తయారీ వేరు. మైటోకాండ్రియాలో ఏటీపీని బయటికి పంపే తలుపు ఆ కోవలోది కాదు. చేసిన పని ఫలితం బయటికి తరలే తలుపుని పెట్టింది పనిచేసేవాళ్ళు కాదు, ఇల్లు.

మార్గులిస్ ఈ కథలో సహకారాన్ని చూసింది. ఆ చూపంటే నాకు గౌరవం. అయినా ఈ తలుపు దగ్గర ఆగిపోతాను. ఇది సహకారమేనా? ఆడవాళ్ళ చాకిరీకి 'సహకారం' అని పేరు పెట్టడం మనకి కొత్తకాదు కదా. కానీ ఆ తలుపుకే ఇంకో గుణం ఉంది. ఒక ఏడీపీని లోపలికి తీసుకుంటేనే ఒక ఏటీపీని బయటికి వదులుతుంది. ఒకటికి ఒకటి. ఏ అత్తారింట్లోనూ నేను చూడని లెక్క అది. అందుకని బానిసత్వమన్నా, పెళ్ళన్నా, అక్కచెల్లెళ్ళ ఐక్యతన్నా ఏ పేరూ సరిగ్గా కూర్చోదు. అండం ముడుచుకుని ఎదురుచూస్తుంటే వీర్యకణం దండెత్తి వస్తుందని పాఠ్యపుస్తకాలు రాసిన తీరుని ఎమిలీ మార్టిన్ 1991లో ఎండగట్టింది. మగవాళ్ళ సాహసగాథని తీసేసి ఆ చోట మన గాథని పెట్టుకుంటే చాలదు. అణువులకి ఉద్దేశాలు లేవు. వాటికి పుట్టుక ఉంది, చుట్టరికాలున్నాయి. వాటిని సరిగ్గా చదవడమే మనకి మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇక మావాడి కంటికి సంబంధించిన ప్రోటీన్ సంగతి. శ్వాసక్రియ గొలుసులో మొదటి యంత్రం లోపలి గోడలో ఉంటుంది. దానికి నలభైకి పైగా ముక్కలు. వాటిలో 14 బాక్టీరియా కాలం నాటి మూలవిరాట్టులు, మిగిలినవి తర్వాత చేరినవి. ఆ పద్నాలుగులో ఏడింటి జన్యువులు కేంద్రకంలోకి వెళ్ళిపోయాయి, ఏడు మైటోకాండ్రియాలోనే ఉండిపోయాయి. ఉండిపోయిన వాటిలో ఒకటి ఎన్‌డీ4. దాని వంశం ఈ యంత్రం కంటే విశాలమైంది. బాక్టీరియా పొరలో సోడియాన్ని బయటికి నెట్టి ప్రోటాన్లని లోపలికి రానిచ్చే ప్రోటీన్లున్నాయి. ఎన్‌డీ4 వాటికి తోబుట్టువు, అవన్నీ ఒకే పూర్వీకురాలి సంతానం. మావాడి ఎన్‌డీ4లో 340వ చోట ఆర్జినిన్ ఉండాల్సింది, హిస్టిడిన్ ఉంది. పదహారు వేల పైచిలుకు అక్షరాల్లో ఒక్క అక్షరం తేడా.

ఈ 13 ప్రోటీన్ల జన్యువులే ఎందుకు ఉండిపోయాయి? పదమూడూ లోపలి గోడలో పాతుకునేవే. వాటిలో చాలావాటికి నీళ్ళంటే గిట్టదు కాబట్టి, బయట తయారు చేస్తే దారిలోనే ముద్దకడతాయనో, వేరే త్వచంలో ఇరుక్కుంటాయనో ఒక వివరణ. శ్వాస యంత్రం పక్కనే ఉంటే దాని అవసరాన్ని బట్టి వెంటనే తయారు చేసుకోవచ్చని జాన్ ఆలెన్ చెప్పిన వివరణ మరొకటి. కారణం ఏదైనా, తల్లి ఒక్కతే ఇచ్చేవి ఈ పదమూడూ, వాటి తయారీకి కావలసిన కొద్దిపాటి సరంజామా. తండ్రి వీర్యకణంలోని మైటోకాండ్రియా పిండంలో నిలవవు. మిగిలిన 1123 ప్రోటీన్ల జన్యువులూ అందరి జన్యువుల్లాగే తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తాయి.

అందుకని పిన్నితో ఇలా చెప్పాను. ఆ అక్షరం నీ నుంచి వచ్చింది. నీకు అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ తమ్ముడొకాయన పెళ్ళికాకముందే చూపు పోగొట్టుకున్నాడని, అమ్మవారి కోపమని ఊళ్ళో అనుకున్నారని విన్నాం కదా, ఆయనకీ అదే వచ్చి ఉంటుంది. అదే అక్షరంతో అమ్మమ్మ ఎనభై దాటాక కూడా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది. అక్షరం ఉన్నంతమాత్రాన చూపు పోదు. మగవాళ్ళలో సగం మందికి, ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి పోతుందని చాలాకాలం రాశారు. 2021లో ఆస్ట్రేలియా కుటుంబాల్లో తీసిన లెక్క అంతకంటే బాగా తక్కువ చెప్పింది. పొగతాగితే ప్రమాదం పెరుగుతుంది. ఇక వాడి మైటోకాండ్రియా గోడల్లో బాబాయి నుంచి వచ్చిన ప్రోటీన్లూ పనిచేస్తున్నాయి. అది నీ ఒక్కదాని సొత్తు కాదు, నీ ఒక్కదాని నేరమూ కాదు.

ఆ 2021లోనే ఇంకో సంగతి బయటపడింది. కేంద్రకంలో డీఎన్ఏజేసీ30 అనే జన్యువుంది. అదే మొదటి యంత్రం ముక్కలు అరిగినప్పుడు మరమ్మతుకి పనికొచ్చే ప్రోటీన్‌ని తయారు చేయిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక చెడిన ప్రతి వస్తే అచ్చం ఇదే జబ్బు రావచ్చు. నూట యాభై ఏళ్ళ నాటి జబ్బు ఒకటి, 'తల్లి వైపుది' అని ముద్రపడ్డది, కొందరిలో ఇద్దరి వైపుదీ అని తేలింది. ఇలాంటి చోట 'మేనరికమా?' అన్న ప్రశ్నకి అర్థం ఉంది. మా పిన్ని విషయంలో లేదు.

మావాడి పిల్లలకి వాడి నుంచి ఆ అక్షరం వెళ్ళదని కూడా చెప్పాను. పిన్ని అత్తవారింట్లో నేను చెప్పినదాంట్లో అందరికీ వెంటనే అర్థమైంది ఆ ఒక్కటే. 'అయితే వాడికి పెళ్ళి చెయ్యొచ్చు' అని ఊపిరి పీల్చుకున్నారు. అంతటితో ఆగలేదు. వాడి అక్కకి చూపు నిక్షేపంగా ఉంది, కానీ ఆ అమ్మాయి నుంచి తన పిల్లలకి వెళుతుంది కాబట్టి ఆ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దన్నారు. కళ్ళు పోయిన కొడుకుకి దారి తెరుచుకుంది, కళ్ళున్న కూతురికి మూసుకుంది. ఒకే అక్షరం, ఒకే కడుపున పుట్టినవాళ్ళు. జీవశాస్త్రం చెప్పింది దారి గురించి. ఆ దారికి వెల కట్టింది పెళ్ళిళ్ళ బజారు.

వైద్యం విషయంలో శాస్త్రం చేస్తున్నది చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పరిణామం మిగతా జన్యువుల విషయంలో కోట్ల ఏళ్ళలో చేసిన పనిని ఎన్‌డీ4 విషయంలో ప్రయోగశాలలో చేస్తున్నారు. ఆ జన్యువుకి మైటోకాండ్రియా చిరునామా తగిలించి, హాని చెయ్యని వైరస్ మీద ఎక్కించి, కంటి లోపలి కణాల కేంద్రకానికి పంపుతున్నారు. ఒక కంటికి ఇచ్చిన మందుతో రెండు కళ్ళూ కొంత మెరుగైనట్టు 2020లో ఫలితాలు వచ్చాయి. ఐడెబెనోన్ అనే మాత్రని 2015లో యూరప్‌లో అనుమతించారు. మావాడు ఈ వార్తలన్నీ స్క్రీన్ రీడర్‌తో వింటాడు. చదువు పూర్తి చేశాడు, ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మని ఎవరైనా ఒకమాటంటే ఊరుకోడు.

ఇలాంటి రిపోర్టు చేతికిచ్చే డాక్టర్లని ఒకటి కోరాలనుంది. వరండాలో నిలబెట్టి ఒక్క వాక్యంలో చెప్పి పంపకండి. భార్యనీ భర్తనీ ఇద్దర్నీ కూర్చోబెట్టండి. ఈ అక్షరం ఎవరూ ఎంచుకున్నది కాదనీ, ఎందరో చూపున్న మనుషుల గుండా నడిచి వచ్చిందనీ తెలుగులో చెప్పండి. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు లేక మా పిన్ని తొమ్మిదేళ్ళు తల వంచుకుని వడ్డించింది.

పిన్ని కూతురు మాత్రం 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట వినలేదు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి తానే చెప్పింది. మొదటివాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. రెండోవాళ్ళు ఆలోచించుకుంటామన్నారు. ఆ అమ్మాయి తన పని తాను చేసుకుంటోంది.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. మా అమ్మా పిన్నీ ఒక తల్లి పిల్లలే కాబట్టి నా రిపోర్టు చూసి ఆశ్చర్యపోలేదు. నా మైటోకాండ్రియా అన్నిటిలోనూ అదే అక్షరం. నా కూతురు ఆ కాగితం రెండుసార్లు చదివి, తనూ చేయించుకోవాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. నా నుంచి నీకు వచ్చే ఉంటుందన్నాను. "సరే, సిగరెట్టు తాగేవాణ్ణి మాత్రం చూడకండి" అంది.